ఆటా పుస్తకమూ: పీడీ మేడమ్ జవాబులు

పోయిన సంచికలో ఆటగాళ్ళ జీవిత కథల గురించీ, ఆటలో గెలుపు మీద వచ్చిన పుస్తకాల గురించీ నాలుగు ముక్కలు రాశాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొందరు "చదివాం, ఇప్పుడేం చెయ్యాలి?" అని అడిగారు. కొందరు చదివింది చదివినట్టు ఇంట్లో పిల్లల మీద ప్రయోగించేసి, తేడా కొట్టాక రాశారు.

జవాబులకి ముందు ఒక మాట. ఈ పుస్తకాలన్నీ గెలిచినవాళ్ళు రాసుకున్నవి, లేదా రాయించుకున్నవి. అంతే కష్టపడి జిల్లా పోటీల దగ్గరే ఆగిపోయినవాళ్ళ గుమ్మం ఏ పబ్లిషరూ తొక్కడు. చిత్తూరు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పీడీగా, అంటే ఆటల టీచరుగా, సర్వీసంతా నేను చూసింది ఎక్కువగా అలాంటి పిల్లల్నే. కాబట్టి నా జవాబులు కొంచెం వాళ్ళ వైపు మొగ్గుతాయి. ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా పాపకి పదకొండేళ్ళు. బ్యాడ్మింటన్ బాగా ఆడుతుంది. ఏ రంగంలోనైనా పదివేల గంటలు సాధన చేస్తే ప్రపంచస్థాయికి చేరతారని ఒక పుస్తకంలో చదివాను. రోజుకి 4 గంటల లెక్కన పాపకి పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి పూర్తవుతుంది. గోడ మీద చార్ట్ కూడా పెట్టాను. కానీ ఈమధ్య కోర్టుకి బయలుదేరదామంటే కడుపునొప్పి అంటోంది. డాక్టర్ చూసి ఏమీ లేదన్నారు. ఏం చెయ్యమంటారు? (ఒక తండ్రి, తిరుపతి)

అయ్యా, ముందు ఆ చార్ట్ తీసెయ్యండి. మిగతాది తరవాత.

పదివేల గంటల కథ పుట్టింది బెర్లిన్‌లో, అదీ ఆటలో కాదు, సంగీతంలో. అక్కడి అకాడమీలో వయొలిన్ నేర్చుకునే విద్యార్థుల మీద ఆండర్స్ ఎరిక్సన్ అనే సైకాలజిస్టు ఇంకో ఇద్దరితో కలిసి చేసిన పరిశోధన 1993లో అచ్చయింది. అందరికంటే బాగా వాయించే పిల్లలు ఇరవయ్యేళ్ళ వయసుకి సగటున పదివేల గంటలు ఒంటరిగా సాధన చేశారని అందులో తేలింది. 2008లో మాల్కమ్ గ్లాడ్‌వెల్ 'అవుట్‌లయర్స్' అనే పుస్తకంలో దాన్నొక సూత్రంలా రాసేసరికి లోకమంతా పాకింది. ఇది ఎరిక్సన్‌కే నచ్చలేదు. 2016లో తన సొంత పుస్తకం 'పీక్'లో విడమరిచి చెప్పాడు. పదివేలు అన్నది సగటు మాత్రమేననీ, ఆ మేటి పిల్లల్లోనే సగం మంది అప్పటికి ఆ అంకె చేరలేదనీ, అసలు ఊరికే గంటలు గడపడం సాధన కిందికే రాదనీ. తన లోపమేమిటో తెలిసి, దాన్నే పట్టుకుని, ఎప్పటికప్పుడు తప్పు దిద్దుకుంటూ చేసేదాన్నే ఆయన లెక్కలోకి తీసుకున్నాడు.

ఆ పరిశోధనలోనే ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ చార్ట్ కట్టరు. బాగా వాయించే ఆ పిల్లలు మిగతావాళ్ళకంటే ఎక్కువ నిద్రపోయేవాళ్ళు. మధ్యాహ్నం పూట కూడా కాసేపు కునుకు తీసేవాళ్ళు. ఒక్కో విడత గంట, గంటన్నర సాధన చేసి లేచిపోయేవాళ్ళు. మీ పాపకి పొద్దున స్కూలు, సాయంత్రం ట్యూషన్, మధ్యలో నాలుగు గంటల కోర్టు. ఆ పిల్ల ఎప్పుడు పడుకుంటుందో నాకు రాయలేదు మీరు.

గంటల లెక్క ఎంత బోల్తా కొట్టిస్తుందో డేవిడ్ ఎప్‌స్టీన్ 'ది స్పోర్ట్స్ జీన్'లో ఒక హైజంప్ పోటీ గురించి రాశాడు. స్వీడన్ ఆటగాడు స్టెఫాన్ హోల్మ్ చిన్నప్పట్నుంచీ అదే లోకంగా బతికి 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. బహామాస్‌కి చెందిన డొనాల్డ్ థామస్ బాస్కెట్‌బాల్ ఆడుకునే కుర్రాడు. 2006లో కాలేజీలో పందెం కాసి మొదటిసారి హైజంప్ దూకాడు. మరుసటేడు ఒసాకా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఇద్దరూ ఎదురుపడితే థామస్ 2.35 మీటర్లు దూకి గెలిచాడు, హోల్మ్ నాలుగో స్థానంలో నిలిచాడు. అలాగని సాధన దండగ అని నేననడం లేదు. గంటలు కూడితే పతకం వస్తుందన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు, మీరే ఇచ్చుకున్నారు.

మీలాగే లెక్కలేసుకున్న తండ్రి ఇంకొకాయన ఉన్నాడు. టెన్నిస్ ఆటగాడు ఆండ్రీ అగస్సీ వాళ్ళ నాన్న. రోజుకి 2,500 బంతులు కొడితే ఏడాదికి దాదాపు పది లక్షలవుతాయి, ఏడాదికి పది లక్షల బంతులు కొట్టే పిల్లాణ్ణి ఎవరూ ఓడించలేరు అన్నది ఆయన లెక్క. బంతులు విసిరే మెషీన్‌ని తనే మార్చి తయారుచేసి, ఏడేళ్ళ కొడుకుని దాని ముందు నిలబెట్టాడు. పిల్లాడు ఆ మెషీన్‌కి 'డ్రాగన్' అని పేరు పెట్టుకున్నాడు. కొడుకు ఎనిమిది గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు గెలిచాడు కాబట్టి లెక్క ఫలించినట్టే కనిపిస్తుంది. కానీ 2009లో ఆ కొడుకే 'ఓపెన్' అనే ఆత్మకథలో తనకి టెన్నిస్ అంటే అసహ్యమని, ఎప్పుడూ అసహ్యమేనని రాశాడు. ఇలా పెంచిన పిల్లల్లో గెలిచినవాడి మాటే ఇది. గెలవనివాళ్ళు ఏమన్నారో మనకి తెలియదు.

ఇక మీ పాప సంగతి. ఈమధ్య తిరుపతిలో ఒక ఇండోర్ కోర్టులో సాయంత్రం కూర్చున్నాను. ఆ వయసు పిల్లే సర్వీస్ ప్రాక్టీస్ చేస్తోంది. పక్కన ఈకలు ఊడిన షటిల్స్ డబ్బా. ఒకటి తీయడం, కొట్టడం, ఇంకోటి తీయడం. షటిల్ ఎక్కడ పడుతోందో ఒక్కసారైనా తలెత్తి చూడలేదు. మూడొంతులు నెట్‌కి బాగా పైనుంచి తేలుతూ వెళ్ళాయి. ఎదురుగా మంచి ఆటగత్తె ఉంటే అన్నిటినీ స్మాష్ చేసి పారేసేది. కోచ్ గారు ఫోన్‌లో ఉన్నారు. తండ్రి గ్యాలరీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. ఆ అరగంట మీ లెక్క ప్రకారం పదివేలలో జమ అవుతుంది. నా లెక్కలో ఆ పిల్ల తప్పు సర్వీసుని బాగా వంటబట్టించుకుంది, అంతే.

నెట్‌కి జానెడు పైన ఒక దారం కట్టించండి. షటిల్ నెట్‌కీ దారానికీ మధ్య నుంచి వెళ్ళాలి, అవతలి షార్ట్ సర్వీస్ లైను దాటగానే పరిచిన చేతిరుమాలు మీద పడాలి. ఇరవై కొట్టి ఎన్ని పడ్డాయో తనే రాసుకోవాలి. మళ్ళీ ఇరవై. విసుగు కనిపిస్తే ఆపెయ్యడమే. ఆ తరవాత పాప తన స్నేహితులతో లెక్కా పత్రం లేకుండా ఆడుకోవాలి, మీరు గ్యాలరీలో లేకుండా. కడుపునొప్పి తగ్గిందో లేదో నాకు రాయండి. తగ్గకపోతే కొన్నాళ్ళు పూర్తిగా మానిపించండి. ఆట మీద ఇష్టం ఉంటే తనే రాకెట్ అడుగుతుంది.

ప్రశ్న: రియో ఒలింపిక్స్ ముందు గోపీచంద్ గారు సింధు ఫోన్ మూడు నెలలు తీసేసుకున్నారని చదివాను. మా అబ్బాయి వాలీబాల్ ఆడతాడు. నేనూ అలాగే చెయ్యొచ్చా? (గృహిణి, చంద్రగిరి)

చెయ్యొచ్చమ్మా. కానీ అప్పటికి సింధుకి ఇరవై ఒక్కేళ్ళు. ఫోన్ ఎందుకు పోయిందో, ఏ టోర్నమెంట్ అయ్యాక తిరిగొస్తుందో ఆమెకి తెలుసు. ఆమె రజతం గెలిచాక, ఇక ఫోన్ ఇచ్చేస్తానని, ఐస్‌క్రీమ్ కూడా తిననిస్తానని గోపీచంద్ అందరి ముందూ చెప్పాడు. మీ అబ్బాయికి మీరు ఏ తేదీ చెప్పారు? తేదీ లేకుండా లాక్కుంటే అది శిక్షే అవుతుంది. వాడు పక్కింటి స్నేహితుడి ఫోన్‌లో చూసుకుంటాడు.

ప్రశ్న: మేడమ్, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. నాకు 8.20 దగ్గరే ఆగిపోతోంది. మిల్కా సింగ్ రోమ్‌లో మధ్యలో వేగం తగ్గించడం వల్లే పతకం పోగొట్టుకున్నాడని చదివి, నేను మొదట్నుంచీ ఫుల్ స్పీడ్‌లో వెళ్తున్నాను. అయినా మూడో రౌండ్‌లో కాళ్ళు రావడం లేదు. (నిరుద్యోగి, పలమనేరు)

నాయనా, నువ్వు చదివింది నిజమే. 1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్ల ఫైనల్‌లో మిల్కా సింగ్ బాగా మొదలుపెట్టాడు. 250 మీటర్ల దగ్గర మరీ వేగంగా వెళ్తున్నానేమోనని కాస్త తగ్గించాననీ, అక్కడే పోయిందనీ ఆయనే చెప్పుకున్నాడు. చేతి గడియారాల లెక్కలో మూడోవాడు మాల్కమ్ స్పెన్స్‌ది 45.5 సెకన్లు, మిల్కాది 45.6. ఆ పదో వంతు సెకను ఆయన్ని జీవితాంతం వదల్లేదు. ఆ పరుగు మాత్రం మన దేశపు రికార్డుగా 1998 దాకా నిలిచింది.

అయితే ఆయన పరిగెత్తింది ఒక్క రౌండు, నువ్వు పరిగెత్తాల్సింది నాలుగు. 400 మీటర్లలో చివరి వంద దగ్గర అందరూ మందగిస్తారు, ఎవరు తక్కువ మందగిస్తే వాళ్ళది గెలుపు. అక్కడ ముందే వేగం దాచుకున్నా పెద్ద లాభం ఉండదు. 1600 సంగతి వేరు. మొదటి రౌండ్‌లో చేసిన అప్పు మూడో రౌండ్‌లో వడ్డీతో కట్టాలి. ఇప్పుడు నువ్వు కడుతున్నది అదే.

8 నిమిషాలంటే రౌండుకి 2 నిమిషాలు, వంద మీటర్లకి 30 సెకన్లు. నీ మొదటి రౌండ్ ఎంతలో అవుతోందో స్నేహితుడి చేత టైమ్ పెట్టించు. బహుశా 1.35 లోపు ఉంటుంది. దాన్ని 1.55కి తీసుకురా. మెల్లగా వెళ్తున్నట్టు, అందరూ నిన్ను దాటిపోతున్నట్టు అనిపిస్తుంది. పోనీ. రెండు, మూడు రౌండ్లు కూడా అదే వేగం, చివరి రౌండ్‌లో మిగిలింది ఖర్చుపెట్టు. వారంలో ఒకరోజు ఆరు సార్లు 400 మీటర్లు, ఒక్కోటీ 1.50లో, మధ్యలో రెండు నిమిషాలు నడక. మరోరోజు మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగినంత నిదానంగా అరగంట, నలభై నిమిషాలు. ఒకరోజు పూర్తి విశ్రాంతి. నీకు తగ్గాల్సింది 20 సెకన్లే. మొదటి రౌండ్ సర్దుకుంటేనే సగం తగ్గిపోతుందని నా అంచనా.

ఈవెంట్స్ రోజు ఎత్తు కొలతకీ ఛాతీ కొలతకీ గంటలు గంటలు నిలబెడతారు. నీళ్ళ సీసా, టోపీ పెట్టుకో. పరుగుకి రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు తిను, చాలు. కొత్త బూట్లు ఆరోజే వెయ్యకు. ఇంకోటి, ముందు రోజు రాత్రి మొక్కు పేరుతో అలిపిరి మెట్లు ఎక్కి రాకు. ఉద్యోగం వచ్చాక ఎక్కు, స్వామి ఏమీ అనుకోడు.

ప్రశ్న: మా వాడు అండర్-14 క్రికెట్ ఆడతాడు. నెట్స్‌లో పులి, మ్యాచ్‌లో పిల్లి. కళ్ళు మూసుకుని సెంచరీ కొట్టినట్టు ఊహించుకుంటే టెన్షన్ పోతుందని ఒక పుస్తకంలో చదివి రోజూ అలాగే చేస్తున్నాడు. మొన్నకూడా సున్నాకే అవుటయ్యాడు. ఊహించుకోవడం నిజంగా పనిచేస్తుందా? (ఒక తల్లి, చిత్తూరు)

ఏం ఊహించుకుంటున్నాడన్నదాని మీద ఉంటుందమ్మా. సెంచరీ అయ్యాక బ్యాట్ ఎత్తడం ఊహించుకోవడం సులువు, హాయిగా కూడా ఉంటుంది. రెండో బంతికి ఎడ్జ్ తగిలి స్లిప్స్‌లో క్యాచ్ జారిపోతే మూడో బంతి ఎలా ఆడాలన్నది ఎవరూ ఊహించుకోరు.

దీనికి నాకు తెలిసినంతలో మంచి పుస్తకం అభినవ్ బింద్రా ఆత్మకథ, 'ఎ షాట్ ఎట్ హిస్టరీ'. ఆయనతో కలిసి రాసినవాడు రోహిత్ బ్రిజ్‌నాథ్. బింద్రా 2004 ఏథెన్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ క్వాలిఫయింగ్‌లో మూడో స్థానంలో ఉండి, ఫైనల్‌లో ఏడో స్థానానికి జారిపోయాడు. తాను నిలబడిన చోట నేల మీద పలక వదులుగా ఉందని తరవాత తెలిసింది. వేరే ఎవరైనా అయితే నిర్వాహకుల్ని తిట్టుకుని ఊరుకునేవాళ్ళు. ఈయన ఇంటికొచ్చి వదులు పలక వేయించుకుని దాని మీద నిలబడి ప్రాక్టీస్ చేశాడు. బీజింగ్ హాలు చాలా పెద్దదని తెలిసి, అంత పెద్ద చోట కాల్చడం అలవాటవ్వాలని ఒక కల్యాణ మండపం అద్దెకి తీసుకున్నాడు. తిరుపతిలో ఉన్నన్ని కల్యాణ మండపాలు ఇంకెక్కడైనా ఉన్నాయో లేదో గానీ, వాటికి ఇలాంటి ఉపయోగం ఉందని మనకెవరికీ తట్టలేదు.

2008లో బీజింగ్ ఫైనల్ ముందు సరిచూసుకునే షాట్ కాలిస్తే 10 దగ్గర పడాల్సింది 4 దగ్గర పడింది. రైఫిల్ సైట్ కదిలిపోయి ఉంది. ఎలా కదిలిందన్నది ఇప్పటికీ తేలలేదు. ఒలింపిక్ ఫైనల్ మొదలవబోతోంది, తుపాకీ గురి తప్పింది. మిగిలిన కొద్ది నిమిషాల్లో సైట్ సరిచేసుకుని నిలబడ్డాడు. చివరి షాట్‌కి ముందు ఫిన్లాండ్ షూటర్‌తో సమానంగా ఉన్నాడు. 10.8 కాల్చి స్వర్ణం గెలిచాడు. వ్యక్తిగత పోటీల్లో భారతీయుడు గెలిచిన తొలి ఒలింపిక్ స్వర్ణం అది.

ఇందులో టెన్షన్ పోగొట్టుకోవడం ఎక్కడా లేదు, గమనించండి. టెన్షన్ ఉంటుంది, ఏదో ఒకటి చెడుతుంది, చెడినప్పుడు చేతులు ఏం చెయ్యాలో వాటికి తెలిసుండాలి, ఇదీ ఆయన పద్ధతి. మీ వాడికి నెట్స్‌లో ఒకే బౌలర్, ఒకే పిచ్, అవుటైనా మళ్ళీ బ్యాటింగ్. మ్యాచ్‌లో వీటిల్లో ఒక్కటీ ఉండదు. కాబట్టి నెట్స్‌లోనే వారానికోసారి "ఒక్క అవుట్, ఇంటికి" ఆట పెట్టించండి. అవుటైతే ప్యాడ్లు విప్పి ఆ పూటంతా ఫీల్డింగే. ప్యాడ్లు కట్టుకుని ముప్పావుగంట ఎండలో కూర్చోబెట్టి, ఉన్నట్టుండి బ్యాటింగ్‌కి పంపమనండి. అసలు మ్యాచ్‌లో ఐదో నంబర్ ఆటగాడికి జరిగేది అదే కదా. స్నేహితులు చుట్టూ నిలబడి వాగుతూ ఉండాలి. ఇంట్లో కళ్ళు మూసుకుంటే సెంచరీ బదులు మొదటి ఆరు బంతులు ఊహించుకోమనండి, ఒకటి ప్యాడ్‌కి తగిలి అందరూ అప్పీల్ చేసినట్టు సహా.

ఇంకో మాట కూడా చెప్పాలి. బింద్రాకి వాళ్ళ నాన్న ఇంట్లోనే షూటింగ్ రేంజ్ కట్టించి ఇచ్చాడు. ఏకాగ్రతకి మంచిదని ఎక్కడో చదివి యాక్ పాలు కూడా తెప్పించుకుని తాగాడు. అలా ప్రయత్నించినవాటిల్లో ఏది పనిచేసిందో, ఏది దండగో ఎవరు చెప్పగలరు? ఈ సంగతులు ఆయన దాచకుండా రాసుకున్నాడు, అందుకే ఆ పుస్తకం నాకిష్టం. యాక్ పాల కోసం మీరు బెంగపడక్కర్లేదు. పలక సంగతి పట్టుకోండి, దానికి డబ్బు అక్కర్లేదు.

ప్రశ్న: అక్కా, నేను మా కాలేజీ కబడ్డీ టీమ్‌లో ఉన్నాను. ఉన్నానంటే ఉన్నాను, రెండేళ్ళుగా బెంచీ మీదే. గెలిచినవాళ్ళ కథలు చదివితే ఇంకా ఏడుపొస్తోంది. నాలాంటివాళ్ళకి ఏ పుస్తకం? (డిగ్రీ విద్యార్థిని, తిరుపతి)

వీవీఎస్ లక్ష్మణ్ రాసిన '281 అండ్ బియాండ్' చదువమ్మా, 281 ఉన్న భాగం కాదు. 2001లో కోల్‌కతాలో ఫాలోఆన్ ఆడుతూ 281 కొట్టి, ద్రవిడ్‌తో కలిసి 376 పరుగులు జోడించిన మనిషిని రెండేళ్ళు తిరక్కుండానే 2003 ప్రపంచకప్ జట్టులోంచి తీసేశారు. మనసు విరిగిపోయి, ఆ మ్యాచ్‌లు చూడలేక స్నేహితులతో అమెరికా వెళ్ళిపోయాడు. ఆట వదిలేద్దామా అని కూడా అనుకున్నాడు. ఆ ఏడాది చివర్లోనే ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌లో 148, కొత్త ఏడాది మొదట్లో సిడ్నీలో 178 కొట్టాడు. 134 టెస్టులాడిన మనిషి ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే రిటైరయ్యాడు. బాధ తీరిపోయిందని ఆయన నటించలేదు. నాకు నచ్చింది అదే.

ఇంకా దగ్గరి మనిషి కావాలంటే పుస్తకం అక్కర్లేదు. మన ఎర్రావారిపాళెం మండలం నుంచి వెళ్ళి భారత మహిళల హాకీ జట్టుకి గోల్‌కీపర్ అయిన ఎతిమరపు రజని ఉంది. చాలా ఏళ్ళు సవితా పునియా తరవాత రెండో గోల్‌కీపర్‌గా ఉంది. ఫార్వర్డ్‌లనైతే ఆట మధ్యలో మార్చి మార్చి దింపుతారు. గోల్‌కీపర్ సంగతి అలా కాదు, మొదటావిడ బాగుంటే రెండో ఆవిడ చాలాసార్లు చూస్తూ కూర్చోవాల్సిందే. అయినా ప్రాక్టీస్‌లో ఒక్క పెనాల్టీ కార్నర్ కూడా తగ్గదు. ఆ బతుకు గురించి ఎవరైనా పుస్తకం రాస్తే మొదటి కాపీ నేనే కొంటాను.

నేను కబడ్డీలో లెఫ్ట్ కార్నర్ ఆడినదాన్ని, కాబట్టి బెంచీ మీద నువ్వు చెయ్యగలిగింది చెప్తాను. అవతలి జట్టు రైడర్లని ఒక్కొక్కరినీ నోట్‌బుక్‌లో రాసుకో. ఏ కాలు ముందు వేసి లోపలికి వస్తుంది, బోనస్ లైన్‌కి ఏ వైపు నుంచి వెళ్తుంది, టచ్ చేతితోనా కాలితోనా, అలిసిపోయినప్పుడు ఏ మూలకి జరుగుతుంది. కోర్టులో డిఫెండర్లు ఆరుగురు లేదా ఏడుగురు ఉన్నప్పుడే బోనస్ కదా, ఐదుగురికి తగ్గగానే ఆ పిల్ల ఆట ఎలా మారుతుందో చూడు. హాఫ్‌టైమ్‌లో మీ కార్నర్ ప్లేయర్‌కి ఒక్క ముక్క చెప్పు, "ఏడో నంబర్ ఎప్పుడూ కుడి కాలే వేస్తోంది" అని. అది నిజమై ఒక యాంకిల్ హోల్డ్ దొరికిందంటే నీ కోచ్ కళ్ళు బెంచీ వైపు తిరుగుతాయి.

కోచ్‌ని "నన్నెందుకు ఆడించరు?" అని అడగకు. ఆ ప్రశ్నకి ఎవరూ నిజం చెప్పరు. "కార్నర్‌లో ఆడాలంటే నాలో ఏది తక్కువ?" అని అడుగు. జవాబొస్తే ఒక సీజన్ దాని మీద పని చెయ్యి. ఆ తరవాతా బెంచీ మీదే ఉంటే జట్టు మారడం తప్పేమీ కాదు. పట్టు వదలొద్దని ప్రతి పుస్తకమూ చెప్తుంది. జట్టు మారి బాగుపడిన పిల్లల్ని నేను చాలామందిని చూశాను.

ప్రశ్న: బ్యాంకులో పనిచేస్తాను. 46 ఏళ్ళు. పరుగు మీద ఒక జపాన్ రచయిత పుస్తకం చదివి ఉత్సాహం వచ్చింది. రోజూ శ్రీవారి మెట్టు ఎక్కితే స్టామినా పెరుగుతుందా? ఈ వయసులో ఆలస్యమైందా? (తిరుపతి)

ఆ రచయిత హరుకి మురకామి అయ్యుంటాడు. ఆయన 1982లో పరుగు మొదలుపెట్టినప్పుడు 33 ఏళ్ళు. ఆ తరవాత ఒకే రోజు వంద కిలోమీటర్లు పరిగెత్తే పోటీ కూడా పూర్తిచేశాడు. అంతదాకా మీరు వెళ్ళక్కర్లేదు. ఆయన రాసినదాంట్లో మీకు పనికొచ్చేది ఒకటుంది. ఇంకా చెయ్యగలను అనిపిస్తుండగానే ఆ రోజుకి ఆపేస్తాడు, దాంతో మర్నాడు మొదలుపెట్టడం బరువనిపించదు.

శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే గానీ బాగా నిటారు. రోజూ వద్దు, వారానికి ఒకటి రెండుసార్లు చాలు. ఎక్కేటప్పుడు గుండెకి పని, దిగేటప్పుడు మోకాళ్ళకి దెబ్బ. ఎక్కి, దర్శనమో దండమో పెట్టుకుని, బస్సులో దిగండి. మిగతా రోజుల్లో యూనివర్సిటీ క్యాంపస్‌లో చెట్ల కింద నడవండి. మొదలుపెట్టే ముందు బీపీ, షుగర్, ఈసీజీ చూపించుకోండి. ఛాతీలో పట్టేసినట్టుంటే ఆ రోజు అక్కడే ఆగి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, మొక్కు తరవాత చూసుకోవచ్చు.

ప్రశ్న: మా హైస్కూల్ లైబ్రరీకి కొన్ని పుస్తకాలు కొనడానికి దాత ఒకరు ముందుకొచ్చారు. ఆటల మీద ఏవి కొనమంటారు? పిల్లలు చాలామంది ఇంగ్లీషు గబగబా చదవలేరు. (ఉపాధ్యాయుడు, పుంగనూరు)

మాస్టారూ, బింద్రాదీ లక్ష్మణ్‌దీ కొనండి. పిల్లలు చదవలేకపోతే లైబ్రరీ పీరియడ్‌లో మీరు రెండు పేజీలు చదివి తెలుగులో చెప్పండి. అగస్సీది కూడా కొనండి గానీ మీ బీరువాలో పెట్టుకోండి. 1997లో మత్తుమందు వాడాననీ, దొరికిపోయాక అబద్ధం చెప్పి తప్పించుకున్నాననీ అందులో రాసుకున్నాడు. పెద్ద పిల్లలతో కూర్చుని మాట్లాడాల్సిన విషయం అది, ఎనిమిదో తరగతి పిల్లాడికి ఊరికే చేతికిచ్చేది కాదు. మరో సంగతి, ఆ పుస్తకం అంత బాగుండటానికి కారణం జె.ఆర్. మోరింగర్ అనే రచయిత. అట్ట మీద ఆయన పేరుండదు, తనే వద్దన్నాడు.

మిగిలిన డబ్బుతో దినపత్రికల స్పోర్ట్స్ పేజీలు అతికించుకోవడానికి పెద్ద పుస్తకాలు, జిగురు, నాలుగు స్టాప్‌వాచీలు కొనండి.

తెలుగులో చెప్పడానికి కథలకేం కరువు? సీకే నాయుడు 1926లో బొంబాయిలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు మీద 11 సిక్సర్లతో 153 కొట్టాడు, 1932లో మన మొదటి టెస్టుకి కెప్టెనయ్యాడు. కరణం మల్లీశ్వరి సిడ్నీ కథ అయితే ఒక పీరియడ్ మొత్తం నడుస్తుంది. 2000లో, వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (బరువుని ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తరవాత తల పైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. స్వర్ణం, రజతం గెలిచిన ఇద్దరూ 242.5 దగ్గర ఉన్నారు, శరీర బరువు తక్కువున్న చైనా అమ్మాయికి స్వర్ణం వెళ్ళింది. మల్లీశ్వరికి క్లీన్ అండ్ జెర్క్‌లో చివరి ప్రయత్నం మిగిలి ఉంది. 137.5 అడిగింది. ఎత్తి ఉంటే స్వర్ణమే. నిలవలేదు, కాంస్యం వచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది.

బోర్డు మీద ఈ అంకెలు రాసి, 132.5 అడిగి ఉంటే ఏమయ్యేదో పిల్లల్నే లెక్కగట్టమనండి. ఆ తరవాత నువ్వైతే ఎంత అడిగేవాడివి అని ఒక్కొక్కర్నీ లేపి అడగండి. లెక్కల మాస్టారిని కూడా పిలవండి, ఆయనా సరదా పడతారు.